లేదంటే ఏ లేదు?

మా ఆఫీసు కింద టిఫిన్ హోటల్లో ఒక బోర్డుంది. దాని మీద నలభై రెండు పదార్థాల పేర్లున్నాయి. పదేళ్ళుగా చూస్తున్నాను, వాటిలో దొరికేవి ఆరు. దానికి నాకు అభ్యంతరం లేదు; ఆరింటితో మనిషి బతకొచ్చు, నేను బతికాను. నా ఫిర్యాదు వేరే. సాంబారు వడ ఉందా అని అడిగితే సర్వర్ "ఇల్ల" అంటాడు, తమిళంలో లేదని. అంటూనే పక్క బల్ల తుడవడానికి వెళ్ళిపోతాడు. అయిపోయిందా, ఇంకా నూనెలో ఉందా, లేక ఆ వడ బోర్డు రాసినవాడి ఊహ మాత్రమేనా, చెప్పడు. పది నిమిషాలు ఆగాలో, ఇడ్లీతో సరిపెట్టుకోవాలో, ఈ జన్మకి ఆ వడ మీద ఆశ వదులుకోవాలో తేలదు.

మొన్నామధ్య అలా "ఇల్ల" అనిపించుకుని కూర్చున్నప్పుడు నా నోటి నుంచి నాకు తెలీకుండానే ఒక ప్రశ్న వచ్చింది.

"లేదంటే ఏ లేదు?"

సర్వర్ ఆగిపోయాడు. గుడ్డ భుజాన వేసుకుని వెనక్కి వచ్చాడు. "అది అక్క మాట కదా సార్! అక్క బాగున్నారా?"

మా ఆఫీసులో రిసెప్షనిస్టుగా చేసిన అక్క పోయి పదకొండు రోజులైందని చెప్పాను. అతను భుజం మీది గుడ్డ తీసి పక్కన పెట్టాడు. తర్వాత, పెద్దలకి ఇవ్వాల్సిన మర్యాద ఇస్తున్నట్టు చేతులు కట్టుకుని, "వడ మాస్టరు లీవు సార్. రేపు పొద్దున ఏడింటికల్లా ఉంటుంది" అన్నాడు. పదేళ్ళలో ఆ హోటల్లో నాకు దొరికిన మొదటి పూర్తి సమాధానం అది.

ఆ ఆదివారం నేను తొండియార్‌పేటలో అక్క వాళ్ళింటికి వెళ్ళాల్సి ఉంది. పురసవాక్కం నుంచి అదేమంత దూరం కాదు. చిక్కల్లా ఒకటే. ఆమె ఆఖరిసారి ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడు నేను నా సీట్లోనే ఉన్నాను. ఉండి, లేనని చెప్పించాను. ఆ సంగతి ఆ ఇంట్లో తెలుసో తెలీదో నాకు తెలీదు. ఆమె గురించి ఏం తలుచుకున్నా తిరిగి అక్కడికే వచ్చి ఆగుతున్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మాది చీరల కొట్టు పైన మూడో అంతస్తులో ఉన్న చిన్న ఆఫీసు. స్కూళ్ళకి, కల్యాణ మండపాలకి, చిన్నా చితకా ఆస్పత్రులకి వెబ్‌సైట్లు చేసిపెడతాం. మా యజమానిది మూడు వందల ఏళ్ళ క్రితం ఇటొచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంటిపేరు తెలుగు, కోపం తమిళం. నేను తెనాలి వైపు నుంచి చదువుకోడానికి వచ్చి, తిరిగి వెళ్ళే సంగతి మర్చిపోయినవాణ్ణి. ఆమె మా దగ్గర రిసెప్షనిస్టుగా చేరేనాటికి యాభై దాటాయి. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఒక నర్సింగ్ హోమ్‌లో ఎంక్వైరీ కౌంటర్. అది మూతపడితే ఇక్కడికొచ్చింది.

మొదటిరోజు నేను మేడమ్ అన్నాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ ఉంది.

"మేడమ్ అంటే ఎవురో వచ్చినారనుకుంటా అబ్బయా. అక్కా అను, పలకతా."

ఆమె కొప్పులో కనకాంబరాల పక్కన ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చి ఉండేది. ఏసీకి భయపడి మే నెలలో కూడా స్వెట్టర్ వేసుకునేది. కిందికి దిగేటప్పుడు విప్పి కుర్చీకి తొడిగేది, కుర్చీకి జలుబు చేస్తుందన్నట్టు. ఫోన్లో అవతలి మనిషికి వినబడకుండా మాట్లాడాలంటే దానికో బొత్తాం ఉంది. ఆమె దాన్ని నమ్మలేదు. ఎడమచేత్తో రిసీవర్ని గట్టిగా మూసేది, పాప నోరు మూసినట్టు.

మాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే రకం. "మీరు చేసిన సైటులో నాలుగు వందల నాలుగు అని వస్తోంది. ఏంటది?" ఆమె వారం రోజులు ఓపిక పట్టి, ఒక మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా మూత పెట్టేసి నా దగ్గరకొచ్చింది.

"ఆ నంబర్ల కథేందో చెప్పు. నాకు తెలీకుండా నేను ఒకరికి చెప్పలేను."

నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి అరగంట చెప్పాను. మనం ఫోన్లో ఒక పేజీ అడిగితే, అవతల ఎక్కడో ఉన్న కంప్యూటరు జవాబుతో పాటు మూడంకెల సంఖ్య ఒకటి పంపుతుందని, మామూలుగా అది మన కంట పడదని, రెండుతో మొదలైతే పని అయినట్టని, మూడైతే వేరే చోటికి పొమ్మన్నట్టని, నాలుగైతే తప్పు అడిగినవాడిదని, అయిదైతే తప్పు చెప్పేవాడిదని. బోర్డు మీద బాణాలు కూడా గీశాను. ఆమె బాణాల్ని చూడలేదు.

"ఇంతేనా? ఇరవై రెండేండ్లు నేను చేసింది ఇదే గదబ్బయా."

"అదెలాగక్కా?"

ఆమె కొప్పులోంచి పెన్సిలు తీసింది. మావైపు నాలుగొందలనే దాన్ని వాళ్ళింట్లో నన్నూరు అంటారు, రెండొందల్ని ఇన్నూరు, మూడొందల్ని మున్నూరు, అయిదొందల్ని ఐనూరు. ఆమె నోట్లో పడ్డాక ఆ అంకెలకి నేనెప్పుడూ ఇవ్వని గౌరవం వచ్చింది.

"ఫలానా ఆయన ఏ రూమని అడగతారు. పన్నెండో నంబరు, పొండి అంటా. అది ఇన్నూరు. ఆయన్ని పెద్దాస్పత్రికి మార్చేసినారు, ఇంక ఈడికి రారు, ఆడికే పొండి అంటే మున్నూట ఒకటి. స్కానింగుకి తీసకపోయినారు, మళ్ళీ ఈ రూముకే వస్తారు అంటే మున్నూట రెండు. ఉండారు గానీ చూసేదానికి లేదంటే నన్నూట మూడు. ఆ పేరుతో ఈడ ఎవురూ లేరంటే నన్నూట నాలుగు. డాక్టరు దగ్గిర నలభై మంది ఉండారు, సాయంత్రం రాండి అంటే ఐనూట మూడు. లోపల ఏందో అయింది, నర్సులు పరిగెత్తతా ఉండారు, నన్ను అడగొద్దు, నాకూ తెలీదు అంటే అది ఉత్త ఐనూరు. సరేనా?"

నేను నాలుగేళ్ళ కోర్సులో నేర్చుకోలేనిది పెరుగన్నం ఎండిపోయే లోపు అయిపోయింది. అయినా ఓటమి ఒప్పుకోకుండా ఇంకొకటి అడిగాను. "మరి నాలుగు వందల పది? ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు, ఇంకెప్పటికీ రాదు, వెతకొద్దు అని చెప్పేది?"

ఆమె పెన్సిలు మళ్ళీ కొప్పులో పెట్టేసుకుంది.

"అది కౌంటర్లో చెప్పేది గాదు. పెద్ద డాక్టరే కిందికి దిగొచ్చి చెప్పాల."

ఆనాటి నుంచి ఆమెతో ఎవరూ ఉత్తి "లేదు" అనలేకపోయారు. ప్యూన్ పాలు లేవంటే, "ఏ లేదు? ప్యాకెట్టు రాలేదా, విరిగిపోయినాయా, తాగేసినావా?" యజమాని ఈ నెల ఇంక్రిమెంట్ లేదంటే, "సార్, ఏ లేదు? తర్వాత వస్తాదా, వేరే వాళ్ళకి పోయినాదా, అసలు అట్టాంటిదే లేదా?" యజమాని తమిళంలోకి మారిపోయాడు. ఆమె కూడా తమిళంలోకి మారి అదే అడిగింది. చివరికి ఆయన ఐనూట మూడు అని ఒప్పుకున్నాడు. కింద హోటల్లోనైతే ఆమె కూర్చోగానే సర్వర్ ముందే వచ్చి వడల ఆరోగ్య పరిస్థితి వివరించేవాడు.

ఇదంతా నవ్వుకోడానికి బానే ఉండేది. నవ్వు నా మీదికి వచ్చింది నర్సింగ్ కాలేజీ విషయంలో.

ఆ కాలేజీ కరస్పాండెంట్ గదిలో గోడంత టీవీ ఉండేది. మా సైటు ఆరోగ్యంగా ఉందో లేదో అందులో చుక్కల్లో కనబడుతుంది: జవాబు సరిగ్గా వెళ్తే పచ్చచుక్క, తేడా వస్తే ఎర్రచుక్క. ఆయనకి ఎరుపంటే గిట్టదు. అడ్మిషన్ల సీజన్లో పొద్దున్నే ఎరుపు చూడటం అశుభమని మా యజమానికి ఫోన్ చేశాడు. యజమాని నన్ను పిలిచి, "ఎరుపు కనబడకూడదు" అన్నాడు. ఎర్రచుక్కలకి కారణం వెతకడం ఒక పద్ధతి. నేను రెండో పద్ధతి ఎంచుకున్నాను. ఏం జరిగినా సరే, రెండు వందలు పంపమని సైటుకి నేర్పాను. నంబరు తప్పు కొట్టినా, పేజీ లేకపోయినా, లోపల యంత్రం పడిపోయినా, "వివరాలు లేవు" అని ఒక నవ్వుమొహం బొమ్మ, వెనక రెండు వందలు. టీవీ పచ్చిక బయలులా కళకళలాడింది. కరస్పాండెంట్ స్వీట్లు పంపాడు. నేను రెండు తిన్నాను.

రెండో జాబితా విడుదలైన రోజు మధ్యాహ్నం రెండున్నరకి అక్క ఎడమచేత్తో రిసీవర్ మూసి నన్ను కేకేసింది.

"వ్యాసర్పాడి నుంచి ఒకామె. కూతురి నంబరు కొడితే వివరాలు లేవంట. సీటొచ్చుంటే అయిదు లోపల సర్టిఫికెట్లు తీసుకోని పోవాలంట. పోవాల్నా వద్దా?"

నేను చూశాను. "అంతా బానే ఉందక్కా. రెండు వందలే వస్తోంది."

"ఏం బాగుంది?"

"వివరాలు లేవని చక్కగా చూపిస్తోందిగా."

"లేదంటే ఏ లేదు? సీటు లేదా? నంబరు తప్పా? నీ మిషన్‌కి చాతగాలేదా?"

ఆ మూడింటికీ నేను ఒకే బొమ్మ పెట్టాను. మూడూ పచ్చగానే ఉన్నాయి.

"ఆయమ్మ ఆడ ఏడస్తా ఉంది," అంది అక్క. "నువ్వు నవ్వు బొమ్మ పెట్టి, జవాబు చేరిందని సంతకం పెట్టినావు. నేనైనా ఇరవై రెండేండ్లలో లేదని నవ్వతా చెప్పలేదబ్బయా."

లోపలికి వెళ్ళి వెతకడానికి నలభై నిమిషాలు పట్టింది. పొద్దున్నించి రెండో జాబితా ఉన్న యంత్రం పడిపోయి ఉంది. నిజంగా వెళ్ళాల్సిన జవాబు ఐనూరు. ఆ జాబితాలో ముప్పై ఏడుగురు అమ్మాయిల పేర్లున్నాయి. సీటొచ్చిన ముప్పై ఏడుగురికీ నేను నవ్వుతూ లేదని చెప్పాను.

నేను పేర్లు చదివాను, ఆమె ఫోన్లు చేసింది. వ్యాసర్పాడి అమ్మాయికి మొదట. "పరిగెత్తు పాపా, నీకు సీటొచ్చింది. లేదన్నది మా తప్పు." ప్రతి ఫోన్లోనూ ఆ రెండో వాక్యం చెప్పింది. యజమాని తలుపు దగ్గర నిలబడి, "టెక్నికల్ ప్రాబ్లం అని చెప్పొచ్చు కదా" అని తమిళంలో గొణిగాడు. ఆమె రిసీవర్ మూసి, "ఆ మాట ఎవురికీ అర్థం కాదు సార్, అందుకే అందరూ చెప్తారు" అంది. ముప్పై ఆరుగురు దొరికారు. ముప్పై ఏడో నంబరు స్విచ్చాఫ్. నాలుగు ముప్పావుకి ఆమె కరస్పాండెంట్‌కే ఫోన్ చేసింది.

"సార్, నిజానికి మీ టీవీలో ఒక ఎర్రచుక్క ఉంది. మేము దానికి పచ్చరంగు పూసినాం. ఒక బిడ్డ ఇంకా దొరకలేదు. అది దొరికేదాకా సీటు పట్టి పెట్టండి."

ఆయన మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడు. ఆ పిల్ల మర్నాడు పదకొండింటికి దొరికింది. ఫోన్‌కి చార్జింగ్ లేదట, అంతే. వ్యాసర్పాడి తల్లి అయిదుకి పది నిమిషాల ముందు చేరామని ఫోన్ చేసి చెప్పింది. మాకు మళ్ళీ స్వీట్లు రాలేదు.

ఆ వారం కూర్చుని అన్ని సైట్లకీ సరైన అంకెలు పెట్టాను. అక్క ఒక్కొక్కటే నొక్కి చూసింది, కూరగాయలు నొక్కినట్టు. ఒక్కచోట ఒప్పుకోలేదు. కొన్ని రహస్య పేజీలుంటాయి. అనుమతి లేనివాడు అడిగితే "ఉంది కానీ నీకు చూపించను" అనడం మంచిది కాదు. ఉందని తెలిస్తే దొంగ తాళాలు వెతుకుతాడు. అందుకని నాలుగు వందల మూడుకి బదులు నాలుగు వందల నాలుగు పంపడం మా వృత్తిలో గౌరవనీయమైన ఆచారం. అది వివరించాను.

"అంటే ఉన్నదాన్ని లేదంటావు."

"దొంగలకక్కా."

"వచ్చినోడు దొంగని నీకెట్ట తెలుసు?"

అప్పుడు చెప్పింది. నర్సింగ్ హోమ్‌లో ఒక ముసలామె ఉండేదట. ఇద్దరు కొడుకులు, మాటల్లేవు. పెద్దవాడు కౌంటర్‌కొచ్చి, తమ్ముడొస్తే పంపొద్దు, పంపనంటే గొడవ చేస్తాడు, ఆ పేరుతో ఎవరూ లేరని చెప్పండి అన్నాడు. పై నుంచి కూడా సరే అన్నారు. ఈమె చెప్పింది. తమ్ముడు మూడు రోజులు టిఫిన్ క్యారియర్ పట్టుకుని వచ్చాడు. మూడు రోజులూ చెప్పింది. నాలుగో రోజు రాలేదు.

"పైన ఆ ముసలామె?"

"దినామూ అడిగేది, ఎవురన్నా వచ్చినారా అని. నేను ఆ అంతస్తుకి పోయేది మానేసినా." కళ్ళజోడు తీసి స్వెట్టర్‌తో తుడిచింది. "పంపను అని చెప్పుంటే గొడవ పడేవాడు. గొడవ పడుంటే ఎవురో ఒకరు లోపలికి తీసకపోయేవాళ్ళు. లేదంటే ఎవురితో గొడవ పడతాడు, గోడతోనా?"

నేను ఆ పేజీలన్నింటికీ నాలుగు వందల మూడు పెట్టాను. దొంగలెవరూ ఇంతవరకూ ఇబ్బంది పెట్టలేదు.

ఆమె రిటైరయ్యాక కూడా ఆఫీసు ఆమెని వదల్లేదు, లేదా ఆమె ఆఫీసుని వదల్లేదు. ఇంట్లో కూర్చుని మా సైట్లన్నీ ఫోన్లో తెరిచి చూసేది. వారానికి రెండు మూడు ఫోన్లు. "ఆ కల్యాణ మండపం సైటులో భోజనాల పేజీ నన్నూట నాలుగబ్బయా. పెండ్లికి పోయినోళ్ళు ఏం తింటారు?" మొదటి ఏడాది సంతోషంగానే మాట్లాడాను. రెండో ఏడాది పొదుపుగా మాట్లాడాను. మూడో ఏడాది ఒక పెద్ద సైటు ఆ పూటే విడుదల చేయాల్సిన హడావిడిలో ఉండగా ఫోన్ మోగింది. చేసిందెవరో కొత్త రిసెప్షనిస్టు అమ్మాయి చెప్పగానే నేను తల అడ్డంగా ఊపాను.

"సార్ లేరక్కా," అంది ఆ అమ్మాయి. కాసేపు వింది. ఆమె మొహం మారింది. బొత్తాం నొక్కి నా వైపు తిరిగింది.

"ఏ లేదు అని అడుగుతున్నారు సార్. ఏం చెప్పను?"

"బయటికెళ్ళాడని చెప్పు."

చెప్పింది. తర్వాత ఒక చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఫలానా ఆస్పత్రి సైటులో రోగుల్ని చూసే వేళల పేజీ రావడం లేదు, చెప్పమన్నారు. అది మేము చేసిన సైటే. పేజీ చిరునామా మారింది, పాత చిరునామా నుంచి కొత్తదానికి దారి చూపించడం మర్చిపోయాం. రెండు నిమిషాల పని. చేసేశాను. మున్నూట ఒకటి, తప్పు లేకుండా పెట్టాను. చేసినందుకు కాస్త గర్వపడ్డాను కూడా. చూసే వేళలు ఎవరికి కావాల్సొస్తాయని మాత్రం ఆలోచించలేదు.

మూడు వారాల తర్వాత వాట్సాప్‌లో అక్క ఫోటో వచ్చింది, పూలదండతో. పెద్ద డాక్టరు ఎవరూ కిందికి దిగి రాలేదు.

ఆదివారం తొండియార్‌పేట వెళ్ళాను. సన్నటి సందులో మేడమీద ఇల్లు. ఆమె కంటే పదేళ్ళు పెద్దదైన అక్కగారు ఉంది; ఇద్దరూ కలిసే ఉండేవాళ్ళు. అదే ముక్కు, అదే కొప్పు, పెన్సిలు మాత్రం లేదు. కుర్చీ వీపుకి స్వెట్టర్ తొడిగి ఉంది.

"ఏ ఆఫీసు?"

"వెబ్‌సైట్ల ఆఫీసు అండీ. పురసవాక్కం."

"కూసో." కాఫీ తెచ్చింది. బాగా తీపి. ఇద్దరం ఫోటో వైపు చూశాం. నేను సిద్ధం చేసుకున్న నాలుగు మాటలు చెప్పాను: చాలా తెలివైన మనిషని, మాకందరికీ ఎన్నో నేర్పిందని. ఆమె ఓపిగ్గా వింది.

"ఆస్పత్రిలో గూడా ఆ ఫోనే," అంది. "నన్ను చూసేదానికి ఎవురొస్తారో ఏమో అంటా, టైము పేజీ తెరుచుకోలేదని నీ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఆయబ్బి లేడన్నారంట. కాసేపటికి మళ్ళీ నొక్కి చూసింది. పేజీ వచ్చేసింది. నాకు చదివి వినిపిచ్చింది, నాలుగు నుంచి ఆరు దాకా అని. ఒకటే నవ్వు."

"నవ్వారా?"

"నవ్వదా? ఆయబ్బి ఉండాడక్కా, లేకపోతే ఇంత బిరీన ఎవురు బాగు చేస్తారు అనింది. మళ్ళీ రెండు దినాలు నాలుగింటికి కండ్లజోడు పెట్టుకోని వాకిలి పక్క చూస్తా కూసునింది. మూడో దినం ఎవురూ చెప్పకుండానే తీసి పెట్టేసింది."

కింద సందులో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది అందుకోవడం లేదు. ఆమె నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది. తీసుకుని లోపలికి పోలేదు. చెల్లెలి కళ్ళతోనే నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఉండీ లేడని చెప్పిచ్చింది నువ్వేనా?"